ట్రైలర్‌కు చార్జర్ బిగించేముందు నల్ల వైరు సంగతి

అమెరికాలో పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నామనీ, బ్యాటరీ ఒక్క రాత్రికే దిగిపోతోందనీ, వేరే చార్జర్ కొని కలపవచ్చా అనీ అడిగారు. కలపవచ్చు. కానీ స్క్రూడ్రైవర్ పట్టేముందు వైర్ల రంగుల గురించి మన దగ్గర నేర్చుకున్నది కాస్త మర్చిపోండి.

మన ఇళ్ళలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. అమెరికాలో 120 వోల్టుల వైరింగులో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. కారు బ్యాటరీకి ఎరుపు ప్లస్, నలుపు మైనస్. ట్రైలర్ బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి చాలా కంపెనీలు నలుపును ప్లస్‌కీ తెలుపును మైనస్‌కీ వాడతాయి! కారు అలవాటుతో నల్ల వైరును మైనస్‌కు బిగించారో, కన్వర్టర్‌లో, అంటే ట్రైలర్‌లోనే ఉండే చార్జర్‌లో, రివర్స్ పోలారిటీ ఫ్యూజులు (ప్లస్, మైనస్ తారుమారైతే పోయేవి) టప్పున పోతాయి. కాబట్టి రంగును నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. ప్లస్ అని తేలిన వైరు చివర ఎర్ర టేపు చుట్టండి.

అసలు ఇంకో చార్జర్ కావాలా? ముందు బ్యాటరీని పరీక్ష చేయించండి, చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో ఉచితంగానే చేస్తారు. అది బాగుంటే అప్పుడు కన్వర్టర్ వంక చూడండి. ఊళ్ళో మెట్లకింద పెట్టుకునే ఇన్వర్టర్‌లో చార్జర్ కూడా కలిసే ఉంటుంది కదా. కన్వర్టర్‌ది ఆ చార్జర్ పనే. కరెంటు తగిలించినప్పుడు లైట్లకు, నీళ్ళ పంపుకు 12 వోల్టులిస్తూ బ్యాటరీనీ నింపుతుంది. పాత రకాలు ఎప్పుడూ 13.6 వోల్టుల దగ్గరే ఉండిపోతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా నిండాలంటే 14.4 దాకా ఎక్కి, నిండాక దిగాలి. అందుకే వేరే పెట్టె తగిలించడం కంటే, పాత కన్వర్టర్ తీసేసి, ఇలా వోల్టేజీ మార్చుకునే మల్టీస్టేజ్ రకం పెట్టుకోవడానికే నా ఓటు.

లేదు, చార్జరే పెడతానంటే బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. లెక్క చూడండి: 10 గేజ్ రాగి వైరు వెయ్యి అడుగులకు సుమారు ఒక ఓమ్. చార్జర్ 20 అడుగుల దూరంలో ఉంటే రానూపోనూ 40 అడుగులు. 30 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. 14.4 కాస్తా 13.2 అయిపోతుంది, పెట్టిన డబ్బు దండగ. నాలుగడుగుల దూరంలో ఉంటే పోయేది పావు వోల్టే. అదే చార్జర్ 120 వోల్టుల వైపు తీసుకునేది నాలుగైదు ఆంపియర్లు, కాబట్టి పొడుగు వైరు లాగితే ఆ వైపే లాగాలి. అయితే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పెట్టెలో మాత్రం చార్జర్ వద్దు. చార్జింగులో మండే వాయువు హైడ్రోజన్ వస్తుంది.

ప్లస్ వైరు మీద ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, చార్జర్ పక్కన కాదు. వైరు ఎక్కడైనా ఇనుముకు ఒరుసుకుంటే మంట పుట్టించే కరెంటు వచ్చేది బ్యాటరీలోంచే. బ్యాటరీని ట్రైలర్ నుంచి వేరుచేసే డిస్‌కనెక్ట్ స్విచ్ ఉంటే చార్జర్‌ను దానికి బ్యాటరీ వైపు కలపండి, స్విచ్ ఆపినా చార్జ్ అవుతుంది. బ్రేక్‌అవే వైరునైతే ఏ స్విచ్ వెనకా పెట్టకండి. బండి నుంచి ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసేది అదే.

లిథియం పెట్టించే ఆలోచన ఉంటే చార్జర్‌లో దాని సెట్టింగు ఉందో లేదో చూడండి. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు లిథియంను చార్జ్ చేయకూడదు, మిషిగన్, మిన్నెసోటాల వాళ్ళకు ఇది ముఖ్యం. బ్యాటరీ మీద ఇన్వర్టర్ నడిపి ట్రైలర్ మొత్తానికి కరెంటిస్తే కన్వర్టర్ బ్రేకర్ ఆపేయండి, లేకపోతే బ్యాటరీ తనను తానే చార్జ్ చేసుకుంటూ ఖాళీ అవుతుంది.

12 వోల్టుల పని ఓపికుంటే మీరే చేసుకోవచ్చు. 120 వోల్టుల ప్యానెల్ తెరవాల్సి వస్తే ఆర్వీ (ఇలాంటి ట్రైలర్ల) టెక్నీషియన్‌ను పిలవండి. ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ కలవకూడదు. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో అవి కలిసే ఉంటాయి. యూట్యూబులో ఇంటి ప్యానెల్ వీడియో చూసి వచ్చినవాళ్ళు తడబడేది సరిగ్గా అక్కడే.