దేశాలు కలిస్తే ఉగ్రవాదం తగ్గుతుందా? మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మాయికి, మావయ్య దీవెనలు.

నీ పరిశోధన పత్రం అంశం ఫోన్లో చెప్పావు. దేశాలు రాజకీయంగా దగ్గరైతే ఉగ్రవాదం నుంచి రక్షణ పెరుగుతుందా లేదా అని. "ఒక్క మాటలో చెప్పు మావయ్యా, అవునా కాదా?" అన్నావు. ముప్ఫై ఏళ్లు ఆ గొడవలోనే బతికినవాణ్ణి, ఒక్క మాటలో నోరు రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు గానీ, అక్కడ రోజూ ఏం చేసేవాణ్ణో ఎప్పుడూ అడగలేదు. విదేశాలకు వెళ్లే కేసు కాగితాలు చూసే సెక్షన్ మాది. వేరే దేశంలో ఉన్న సాక్ష్యం కావాలంటే కోర్టు ద్వారా ఎల్ఆర్, అంటే లెటర్ రోగేటరీ పంపాలి. మనిషే కావాలంటే అతన్ని అప్పగించమని అడిగే ఎక్స్‌ట్రాడిషన్ ఫైలు కట్టాలి. ఒక బాంబు కేసులో నిందితుడి కోసం అలాంటి ఫైలు కట్టాం. నాలుగు వందల పైచిలుకు పేజీలు. ప్రతి పేజీకీ అనువాదం, ప్రతి అనువాదానికీ ధ్రువీకరణ, రంధ్రాలు పొడిచి దారం, దారం ముడి మీద లక్క ముద్ర. పదకొండు నెలలకి అది తిరిగొచ్చింది. పైన చిన్న చీటీ. అభియోగ పత్రంలో పుట్టిన తేదీ 04-07 అని ఉంది, అనువాదంలో 07-04 అని ఉంది, ఈ ఇద్దరూ ఒక్కరేనని ఆధారం ఏది అని. అనువాదకుడు ఆ దేశపు పద్ధతిలో నెల ముందు వేశాడు, మేమెవరమూ చూసుకోలేదు. సరిచేసి మళ్లీ పంపేసరికి ఆ మనిషి అక్కడ లేడు. ఆ చీటీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, మా మీదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "భద్రత" అన్న పెద్ద మాటని పట్టుకుని రాయడం మొదలుపెడితే నీ పత్రం గాల్లో తేలుతుంది. ఆ మాటని ముందు పగలగొట్టు. ప్రమాదకరమైన మనిషిని పసిగట్టడం ఒక పని. పసిగట్టిన పేరు పక్క దేశానికి చెప్పడం ఇంకో పని. దొరికినవాణ్ణి అప్పగించడం మూడోది. రాజకీయ కలయిక ఈ మూడింటికీ ఒకేలా పనికిరాదు. సెమినార్లలో జనం వీటిని కలగలిపి మాట్లాడి, చివరికి "సహకారం పెరగాలి" అని చప్పట్లు కొట్టించుకుని వెళ్తారు. నీ డ్రాఫ్టులో "సహకారం" అన్న మాట కనబడ్డచోటల్లా కొట్టేసి, ఎవరు, ఎవరికి, ఏ కాగితం, ఎన్ని రోజుల్లో ఇచ్చారో రాయి. అలా రాయలేకపోతే ఆ వాక్యమే తీసెయ్.

మొదట అప్పగింత తీసుకో. అక్కడ లెక్క తేటగా ఉంటుంది. 1995 జులై 25న పారిస్‌లో సెయింట్ మిషెల్ స్టేషన్‌లో రైల్లో బాంబు పేలి 8 మంది పోయారు. ఆ ఏడాది దాడులకు డబ్బు సమకూర్చాడని ఫ్రాన్స్ వెతుకుతున్న రషీద్ రమ్దా అదే ఏడాది లండన్‌లో దొరికాడు. ఫ్రాన్స్ చేతికి ఎప్పుడొచ్చాడో తెలుసా? 2005 డిసెంబర్‌లో. పదేళ్లు! మధ్యలో 2002లో బ్రిటన్ హైకోర్టు అప్పగింత ఉత్తర్వునే కొట్టేసింది. సహనిందితుణ్ణి ఫ్రాన్స్ పోలీసులు హింసించి చెప్పించారన్న ఆరోపణను మంత్రి సరిగ్గా పరిశీలించలేదని.

ఇప్పుడు దీని పక్కన రెండో కేసు పెట్టు. 2005 జులై 21న లండన్‌లో బాంబులు పేల్చబోతే అవి తుస్సుమన్నాయి. నిందితుల్లో ఒకడు హుస్సేన్ ఉస్మాన్ రైలెక్కి దేశం దాటి రోమ్ చేరాడు. ఫోన్ ఆధారంగా జులై 29న అక్కడ పట్టుకున్నారు. సెప్టెంబర్ 22న లండన్‌లో దింపారు. ఎనిమిది వారాలు కూడా పట్టలేదు. రెండు కేసుల మధ్య వచ్చినది యూరోపియన్ అరెస్ట్ వారెంట్. అమెరికా మీద 2001 దాడుల తర్వాత హడావుడిగా 2002లో ఆమోదించి, 2004 జనవరి నుంచి అమల్లోకి తెచ్చారు. మంత్రుల సంతకాలు ఉండవు, ఒక జడ్జి నుంచి ఇంకో జడ్జికి కాగితం పోతుంది. నిందితుడు ఒప్పుకోకపోయినా మామూలుగా 60 రోజుల్లో తేల్చాలి. ఇటలీ దాన్ని అందరికంటే ఆఖర్న, 2005 ఏప్రిల్లో తన చట్టంలో చేర్చుకుంది. ఉస్మాన్ అక్కడ దిగింది జులైలో.

ఈ రెండు కేసుల్లో చాలామంది చూడని సంగతి ఒకటుంది. 1995లో కూడా బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నాయి. ఒకే గొడుగు కింద ఉన్నా పదేళ్లు పట్టింది. కాబట్టి యూనియన్ వల్ల పని అయిందని రాయకు. యూనియన్ ఉండబట్టి అలాంటి వారెంటు పుట్టగలిగింది, ఆ వారెంటు వల్ల పని అయింది. ఈ తేడా నీ పత్రానికి వెన్నెముక కావాలి.

ఇక పేరు చెప్పుకోవడం. ఇది నాకు బాగా తెలిసిన కష్టం. 2015 నవంబర్ 13 రాత్రి పారిస్ దాడుల్లో 130 మంది చనిపోయారు. మర్నాడు పొద్దున కాంబ్రే అనే ఊరి దగ్గర హైవే మీద ఫ్రాన్స్ పోలీసులు ఒక కారు ఆపారు. లోపల ముగ్గురు, అందులో ఒకడు ఆ దాడుల్లో పాల్గొన్న సలా అబ్దెస్లాం. పోలీసులు పేర్లు అడిగారు, మధ్యలో సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన షెంగెన్ దేశాల ఉమ్మడి కంప్యూటర్ జాబితాలో వెతికారు. పేరు ఉంది! కానీ బెల్జియం అతన్ని ఎక్కించింది మామూలు నేరాల కింద. ఉగ్రవాదం మాటే లేదు. పోనిచ్చారు. నాలుగు నెలల తర్వాత, 2016 మార్చి 18న, బ్రస్సెల్స్‌లో అతను పెరిగిన మోలెన్‌బీక్ పేటలోనే దొరికాడు. ఇంకో నాలుగు రోజులకి అదే ముఠా బ్రస్సెల్స్ ఎయిర్‌పోర్టులో, మెట్రోలో 32 మందిని చంపింది.

ఆ హైవే పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌ని ఊహించుకో. యంత్రం పనిచేసింది, వైరు తెగలేదు, సరిహద్దు అడ్డురాలేదు. జాబితాలో ఒక గడి తప్పు నింపారు, అంతే. ఎవరో గుమస్తా, ఎక్కడో ఆఫీసులో. ఏ ఒప్పందం ఆ గడి నింపుతుంది?

బెల్జియంని తిట్టిపోసే వ్యాసాలు బోలెడు వచ్చాయి. ఒక్క బ్రస్సెల్స్ నగరంలోనే 19 మునిసిపాలిటీలు, ఆరు పోలీసు జోన్లు ఉన్నాయి. ఒకే నగరంలో ఆరు జోన్లని కలపలేనివాళ్లు ఖండాన్ని కలుపుతారా అని ఎగతాళి. ఎగతాళి తేలికే. కానీ ఒకే దేశంలో రెండు సంస్థలు మాట్లాడుకోక జరిగిన ఘోరం అమెరికాదే. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో పాల్గొన్న ఇద్దరి సంగతి సీఐఏకి ముందే తెలుసు, వాళ్లు 2000 జనవరిలోనే అమెరికా వచ్చారు. ఎఫ్‌బీఐకి ఆ కబురు గట్టిగా అందింది 2001 ఆగస్టు చివర్లో. అక్కడ రెండు దేశాలు లేవు, రెండు జెండాలు లేవు, ఒకే ప్రభుత్వం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత అన్నది ఇదే. పత్రంలో ఈ సామెత వాడకు, నీ గైడు నవ్వుతాడు. ఉదాహరణ మాత్రం తప్పకుండా వాడు.

సరిహద్దులు ఎత్తేయడం గురించి కూడా రాయాలి, లేకపోతే ఎదుటివాళ్లు అక్కడే పట్టుకుంటారు. పట్టుకోవాలి కూడా. బెర్లిన్ క్రిస్మస్ బజారులో 2016 డిసెంబర్ 19న లారీతో తొక్కించిన అనీస్ అమ్రీ, నాలుగు రోజుల్లో నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దాటి ఇటలీలో తేలాడు. మిలాన్ శివార్లలో తెల్లవారుజామున ఇద్దరు పోలీసులు మామూలు తనిఖీలో కాగితాలు అడిగితే కాల్పులు జరిగాయి, అతను పోయాడు. అదృష్టం అది. అంతకుముందే జర్మనీ అతన్ని ప్రమాదకరమైనవాడిగా గుర్తించింది, శరణార్థి దరఖాస్తు తిరస్కరించింది, వెనక్కి పంపుదామంటే సొంత దేశం ట్యునీషియా నుంచి కాగితం రాలేదు. ఎప్పుడొచ్చింది? దాడి జరిగిన రెండు రోజులకి. చేతులు కాలాక ఆకులు. లోపలి సరిహద్దులు తెరిచాక బయటి దేశంతో కాగితాల పని కూడా అంతే గట్టిగా ఉండాలని ఈ ఒక్క కేసుతో చూపించొచ్చు.

అసలు రహస్యం, అంటే దాడికి ముందే పసిగట్టే సమాచారం, ఈ ఒప్పందాల దారిలో పెద్దగా నడవదు. యూరోపియన్ యూనియన్ మూల ఒప్పందం నాలుగో అధికరణమే జాతీయ భద్రత ఏ దేశానికి ఆ దేశం బాధ్యత అని రాసుకుంది. యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్‌కి సొంతంగా అరెస్టు చేసే అధికారం లేదు. యూరప్ నిఘా సంస్థలు మాట్లాడుకునేది బెర్న్ క్లబ్ అనే కూటమిలో, అది యూనియన్ బయట ఉంది. ప్రపంచంలో అన్నిటికంటే గాఢంగా రహస్యాలు పంచుకునే అయిదు దేశాలు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. వాటికి ఉమ్మడి పార్లమెంటు లేదు, ఉమ్మడి కరెన్సీ లేదు, ఉన్నది 1946 నాటి ఒక నిఘా ఒప్పందం, దశాబ్దాల అలవాటు.

ఎందుకంటావా? మా లైన్లో ఒక నియమం ఉంది. ఇన్‌పుట్, అంటే రహస్య సమాచారం ఇచ్చినవాడు ఒప్పుకోనిదే మూడోవాడికి చెప్పకూడదు. గుంపు పెద్దదయ్యే కొద్దీ నోళ్లు పెరుగుతాయి, ఇచ్చేవాడి చెయ్యి వెనక్కి పోతుంది. మాంచెస్టర్‌లో 2017 మే 22న బాంబు పేలి 22 మంది చనిపోయాక, సంఘటనా స్థలం ఫొటోలు అమెరికా పత్రికలో వచ్చేశాయి. బ్రిటన్ పోలీసులకి కోపం వచ్చి ఆ దర్యాప్తు సమాచారం అమెరికాకి ఇవ్వడం ఆపేశారు. ఒక్కరోజే అనుకో, మళ్లీ ఇచ్చారు. అంత పాత స్నేహితుల మధ్యే ఇలా ఉంటే, కొత్తగా చేరిన ఇరవై ఏడో సభ్యుడికి తన మనిషి పేరు ఎవడు చెబుతాడు?

అలాగని కలయిక వల్ల నమ్మకం పుట్టదని రాయకు, అది కూడా తప్పే. స్పెయిన్, ఫ్రాన్స్ చూడు. స్పెయిన్ నుంచి బాస్క్ ప్రాంతాన్ని విడదీయాలని పోరాడిన సాయుధ ముఠా ఈటీఏ 800 మందికి పైగా చంపింది. దాని నాయకులు చాలాకాలం ఫ్రాన్స్ వైపు హాయిగా ఉండేవాళ్లు, ఎందుకంటే స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వాన్ని ఎదిరించినవాళ్లుగా అక్కడ వాళ్లకి సానుభూతి ఉండేది. 1975లో ఫ్రాంకో పోయాడు, 1978లో రాజ్యాంగం వచ్చింది, 1986లో స్పెయిన్ యూరోపియన్ కమ్యూనిటీలో, అంటే యూనియన్ పాత రూపంలో చేరింది. అవతలి కోర్టు మీద గురి కుదిరే కొద్దీ ఫ్రాన్స్ తలుపు మూసింది. 1984లో అప్పగింతలు మొదలయ్యాయి, 1992లో ఫ్రాన్స్‌లోని బిదార్‌లో ముఠా నాయకత్వాన్నే పట్టుకున్నారు. 2011లో ఈటీఏ తుపాకీ దింపింది, 2018లో రద్దయింది. పోలీసు ఒప్పందం వల్ల ఎంత, స్పెయిన్ ప్రజాస్వామ్యం కావడం వల్ల ఎంత అని విడదీసి రాయగలిగితే ఆ అధ్యాయం ఒక్కటే చాలు నీకు. ఎదురు ఉదాహరణగా ఐర్లాండ్ పెట్టుకో. బ్రిటన్, ఐర్లాండ్ రెండూ 1973లో ఒకే రోజున కమ్యూనిటీలో చేరాయి, ఉత్తర ఐర్లాండ్‌లో రక్తపాతం మాత్రం 1998 శాంతి ఒప్పందం దాకా సాగింది.

కాగితం మీది ఐక్యతల గురించి ఎక్కువ రాయకు, రెండు పేరాలు చాలు. దక్షిణాసియా కూటమి సార్క్ దేశాలు ఉగ్రవాద అణచివేతకు 1987లోనే ఒప్పందం రాసుకున్నాయి, 2014 తర్వాత వాళ్ల శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2023లో రక్షణ కూటమి కట్టి 2024 జులైలో సమాఖ్యగా ప్రకటించుకున్నాయి. ఆ మరుసటి నెలలోనే బుర్కినా ఫాసోలోని బార్సలోగోలో కందకాలు తవ్వుతున్న జనాన్ని ఉగ్రవాదులు వందల్లో చంపారు. పైగా ఆ మూడూ పొరుగువాళ్లతో ఉన్న పాత కూటమి వదిలి బయటికొచ్చాయి.

బ్రెగ్జిట్ మీద నీకు బోలెడు దొరుకుతుంది, జాగ్రత్త. 2016 ఓటుకి ముందు బ్రిటన్ విదేశీ గూఢచారి సంస్థ ఎంఐ6కి అధిపతులుగా చేసిన ఇద్దరు చెరో వైపు నిలబడ్డారు. రిచర్డ్ డియర్‌లవ్ బయటికొస్తే నష్టం తక్కువే అన్నాడు, జాన్ సావర్స్ లోపలుంటేనే మేలన్నాడు. ఎవరు గొప్పవాడని చూడకు, ఎవరు ఏ పని గురించి మాట్లాడుతున్నారో చూడు. డియర్‌లవ్ మనసులో ఉన్నది రహస్యాలు, అవి యూనియన్ బయటి దారిలోనే నడుస్తాయి కాబట్టి ఆయన మాటలో నిజముంది. కానీ 2020 డిసెంబర్ 31 రాత్రి బ్రిటన్ పోలీసుల తెర మీద నుంచి ఆ షెంగెన్ ఉమ్మడి జాబితా మాయమైంది. అంతకుముందు ఏడాది దాన్ని 60 కోట్ల సార్లకు పైగా చూశారు. రోడ్డు మీద కారు ఆపిన కానిస్టేబుల్‌కి నష్టం అక్కడ.

నన్నడిగితే, దొరికినవాణ్ణి కోర్టు బోనులో నిలబెట్టడానికి కలయిక గట్టిగా పనికొస్తుంది. ముందే పసిగట్టడానికి దాదాపు పనికిరాదు. ఇది నా లెక్క, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. అప్పగింత సులువైతే ఉగ్రవాది కానివాడు కూడా సులువుగా పోతాడు. 2018లో కటలోనియా నాయకుడు పూచ్‌డెమాన్‌ని స్పెయిన్ అడిగితే, తిరుగుబాటు నేరం కింద అప్పగించేది లేదని జర్మనీ కోర్టు తేల్చేసింది. అలాంటి బ్రేకు ఉండటం లోపమా, బలమా అన్నది నువ్వే తేల్చుకో. నా సర్వీసులో బ్రేకుని తిట్టుకున్నాను, రిటైరయ్యాక అంతగా తిట్టబుద్ధి కావడం లేదు.

పత్రం కాంబ్రే హైవేతో మొదలుపెట్టు, ఒప్పందాల చరిత్రతో వద్దు. డ్రాఫ్టు అయ్యాక ప్రింటు తీసి పంపు, ఫోన్లో చదవడం నా కళ్లకి కష్టం. తేదీలున్నచోటల్లా నెల పేరు అక్షరాల్లో రాయి.

మీ మావయ్య