మేనమామ పెట్టిన పేరు

ఉత్తరం: మాది హనుమకొండ. మావారు భూపాలపల్లి సింగరేణిలో పనిచేస్తారు, ఆదివారాలు ఇంటికి వస్తారు. మా బాబు ఎనిమిదో తరగతి. చదువులో ముందుంటాడు కానీ చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. మా అన్న కొడుకుదీ అదే బడి, అదే సెక్షన్. అన్న మాట్లాడి పెట్టిన ఆటోలోనే ఇద్దరూ వెళ్తారు. వాడు మా బాబును ‘రిపీటు’ అంటాడు. ఇప్పుడు క్లాసంతా అదే పేరు. హాజరు పిలిచినప్పుడు బాబు నోరు తెరవకముందే వెనుక బెంచీల నుంచి వెక్కిరింపు మొదలవుతుంది. రెండు నెలలుగా సోమవారం వస్తే కడుపునొప్పి అంటున్నాడు. బడిలో కౌన్సెలర్ మేడమ్ ఎవరినీ శిక్షించరట. ఏడిపించే పిల్లలనూ మంచి పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి, బాబుకు ఎలా సాయం చేస్తారో వాళ్లనే అడుగుతారట. శిక్ష లేకపోతే న్యాయం ఎట్లా? ఈ పద్ధతిని నమ్మవచ్చా, లేక బాబును హాస్టల్‌లో వేయాలా? అన్నకు చెప్పలేను. నాన్న పోయాక పరకాల దగ్గరి భూమిలో వాటా వద్దని సంతకం పెట్టాను, ఆ తరువాత ఇల్లు కట్టుకుంటుంటే అన్న మూడు లక్షలు ఇచ్చాడు. ఆయన కూడా బాబును ముద్దుగా ‘రిపీటు’ అనే పిలుస్తాడు, మనసులో ఏమీ ఉండదు. మొన్న దసరాకు జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతుంటే ‘ఇంకోసారి చెప్పురా’ అన్నాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వి ఊరుకున్నాను. తన కొడుకును మాత్రం మార్కులు తగ్గినప్పుడల్లా ‘ఆ నత్తోణ్ణి చూసి నేర్చుకో’ అని అందరి ముందూ తిడతాడు. మావారికి చెబితే గొడవవుతుందని చెప్పలేదు.

జవాబు: అమ్మా, హాస్టల్ ఆలోచన మానుకోండి. ఇంటి నుంచి బడికి వెళ్లి వచ్చే పిల్లవాడికి సాయంత్రమైతే ఆ వెక్కిరింపు నుంచి కొన్ని గంటల విడుదల దొరుకుతుంది. హాస్టల్‌లో అదే మొదలైతే అన్నం తినే చోటా, పడుకునే చోటా కూడా తప్పించుకునే దారి ఉండదు. అదీగాక ఏడిపించినవాడు దర్జాగా అదే బడిలో ఉండి, తాను మాత్రం పెట్టె సర్దుకుని వెళ్లవలసి వస్తే, తప్పు తనలోనే ఉందని ఆ పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే నమ్ముతాడు.

ఇక బడివారు చెప్పిన పద్ధతి మన ఊళ్లకు కొత్తదే గాని, ఎవరో నిన్న ఊహించి తెచ్చినది కాదు. 1991లో బ్రిటన్‌లో బార్బరా మెయిన్స్, జార్జ్ రాబిన్సన్ అనే ఇద్దరు దీన్ని ‘ఎవరినీ నిందించని పద్ధతి’ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ముందుగా టీచరు బాధపడుతున్న పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడి, ఎవరేం చేశారన్న విచారణ జోలికి పోకుండా, అతనికి ఎలా ఉంటోందో తెలుసుకుంటారు. తరువాత అతను లేని సమయంలో ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలను కూర్చోబెట్టి, వారిలో ఏడిపించేవారితో పాటు పక్కన నిలబడి నవ్వేవారూ, అతనితో సఖ్యంగా ఉండేవారూ ఉండేలా చూసి, ఆ పిల్లవాడి బాధను వారి ముందుంచి, దాన్ని తగ్గించడానికి నువ్వేం చేయగలవని ఒక్కొక్కరినీ అడుగుతారు. వారం రోజుల తరువాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, చేస్తానన్నది చేశారా అని కనుక్కుంటారు. మీరు అడిగిన ప్రశ్ననే అక్కడా చాలామంది కోపంగా అడిగారు. తరువాతి కాలంలో ఆ పద్ధతి పేరు కూడా ‘సహాయక బృందం’గా మారింది.

శిక్ష లేకపోతే న్యాయం ఎట్లా అన్న మీ కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ మీ మేనల్లుడిని ప్రిన్సిపాల్ గదికి పిలిచి నాలుగు వాయిస్తే, ఆ సాయంత్రం వాడూ మీ బాబూ ఒకే ఆటోలో, ఏ టీచరూ లేని చోట, పక్కపక్కనే కూర్చుని ఇంటికి రావాలి. ఆ అరగంటలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం రూపొందించగా 2009 నుంచి దేశమంతటా బడులలో అమలుకు వచ్చిన ‘కివా’ అనే వేధింపుల నివారణ కార్యక్రమంలో రెండు దారులూ ఉన్నాయి: నువ్వు చేసినది తప్పు, ఇక ఆపు అని సూటిగా చెప్పడం ఒకటి, నింద లేకుండా సాయం అడగడం ఇంకొకటి. ఆ రెంటినీ పోల్చి చూసినప్పుడు మొత్తం మీద ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. తరువాత కూడా టీచరు వదలకుండా కనిపెట్టి ఉండడమే నా దృష్టిలో అసలైన పని. కాబట్టి శిక్ష కోసం బడితో పోట్లాడి మీ శక్తిని ఖర్చు చేసుకోకండి.

అయితే మేడమ్‌కు ఒక మార్పు సూచించండి. స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త అనతోల్ పికాస్ పద్ధతిలో ఏడిపించే గుంపులోని పిల్లలతో మొదట విడివిడిగా, ఒక్కొక్కరితో ఏకాంతంగా మాట్లాడి, ఆ తరువాతే వారిని ఒకచోట చేరుస్తారు. మీ మేనల్లుడి విషయంలో నాకు ఇదే సరైనదనిపిస్తోంది, ఎందుకంటే తన మాటకు నవ్వే పిల్లల నడుమ కూర్చోబెడితే ఆ వయసు పిల్లవాడు మనసు విప్పడానికి బదులు ఇంకొక ప్రదర్శన ఇస్తాడు. మరొక సంగతి. కొన్ని బడుల్లో ఏడిపించేవాడినే మారుస్తామని బాధితుడికి రక్షకుడిగా నియమిస్తుంటారు. అలాంటి మాట వస్తే ఒప్పుకోకండి. ‘బావే కదా, తోడుగా ఉంటాడు’ అని మీ ఇంట్లో ఇప్పటికే వాడికి ఆ ఉద్యోగం ఇచ్చి ఉన్నారు.

మీరు అడిగినదానికి జవాబు ఇంతే. మీరు అడగనిదాని గురించి ఇంకొంచెం మాట్లాడవలసి ఉంది.

టొరంటోలోని కొన్ని ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్లో పరిశోధకులు కెమెరాలూ, పిల్లల దుస్తులకు చిన్న మైకులూ అమర్చి చూసినప్పుడు, ఒకరు ఇంకొకరిని ఏడిపించే సందర్భాల్లో అత్యధిక శాతం వాటిలో చుట్టూ ఇతర పిల్లలు ఉన్నారనీ, ఆ చూసేవారిలో ఎవరైనా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో, అంటే 57 శాతం వాటిలో, పది సెకన్లలోపే అది ఆగిపోయిందనీ తేలింది. ఫిన్లాండ్ వారి కార్యక్రమం కూడా ప్రధానంగా ఈ చూసేవారి మీదే పనిచేస్తుంది: క్లాసులో నలుగురి మెప్పూ ఉన్న ఇద్దరు ముగ్గురు మంచి పిల్లలను టీచరు విడిగా పిలిచి, బాధపడేవాడి పక్కన నిలబడమని కోరతారు. వేధించేవాడికి కావలసినది బాధితుడి కన్నీళ్ల కంటే చుట్టూ ఉన్నవారి నవ్వు. ఆ నవ్వు రాకపోతే రెండో రోజు వాడికి ఆ మాట మీద ఆసక్తి ఉండదు.

ఇప్పుడు దసరా నాటి సంగతి తీసుకోండి. జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కిన మేనల్లుడిని దీవించవలసిన మేనమామ, వాడి నోటి తడబాటును నలుగురికీ వినోదంగా చూపించాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు, మీరూ నవ్వారు. అవతలి గదిలో ఉన్నా, ఆ గడప దగ్గరే ఉన్నా, మీ అన్న కొడుకు దాన్ని చూసే ఉంటాడు. ఆ పేరు క్లాసులో పుట్టలేదు. మీ తల్లిగారింట్లో, మీ కళ్ల ముందు, పెద్దల అనుమతితో పుట్టి ఆటో ఎక్కి బడికి వెళ్లింది. బడిలో మేడమ్ ఎనిమిది మంది పిల్లలను కూర్చోబెట్టి సరిచేసినదాన్ని, వచ్చే పండుగకు మీ అన్న ఒక్క పిలుపుతో మళ్లీ మొదటికి తెస్తారు. బడివారి పద్ధతి పనిచేస్తుందా అని మీరు నన్ను అడిగారు. ఇంటి పెద్ద ఆ పేరు వదలనంత కాలం అది పూర్తిగా పనిచేయదు.

‘ముద్దుగా’ అంటున్నారు. ముద్దో కాదో చెప్పవలసింది పిలిపించుకునేవాడు. మీ అన్న చెడ్డ మనిషని నేను అనడం లేదు. మన ఇళ్లల్లో మేనమామకు పరాచికాలాడే చనువు ఉంది, ఆ చనువు పిల్లలకు ఇష్టం కూడా. కానీ సోమవారం వస్తే కడుపు పట్టుకుని కూర్చునే పిల్లవాడి మీద దాన్ని వాడడం పరాచికం అనిపించుకోదు.

మీ మౌనానికి కారణంగా మూడు లక్షలను చూపించారు, దాని పక్కనే వదులుకున్న భూమి గురించి కూడా మీరే రాశారు. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణతో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. దాన్ని మీరు ఇష్టపడి వదులుకున్నారు. తిరిగి అడగమని నేను చెప్పడం లేదు, తోబుట్టువుల నడుమ అలాంటివి జరుగుతాయి, అందులో చిన్నతనం లేదు. కానీ వాటా వదులుకున్న చెల్లెలే, అన్న ఇచ్చిన అప్పు కింద తల వంచుకుని నిలబడడం నాకు మింగుడుపడడం లేదు. అప్పును డబ్బుతో తీర్చాలి. పిల్లవాడి పరువుతో వడ్డీ కట్టకూడదు. నెలకు ఐదు వేల చొప్పున కట్టినా ఐదేళ్లలో తీరుతుంది. ఈ నెల నుంచే మొదలుపెడితే మీ గొంతు కూడా కొంత సవరించుకుంటుందని నా నమ్మకం.

అన్నతో మాట్లాడవలసింది మీరే, మీ భర్త కాదు. ఇంటి అల్లుడు వచ్చి బామ్మర్దిని నిలదీస్తే అది రెండు కుటుంబాల పరువు పోరాటమవుతుంది, పిల్లవాడి సంగతి పక్కకు పోతుంది, పాత లెక్కలన్నీ బయటికి వస్తాయి. ఏటా రాఖీ కట్టే చెల్లెలు ఒక మాట అడిగితే ఏ అన్నా దాన్ని అంత సులువుగా తోసెయ్యలేడు. అలాగని భర్త దగ్గర దాచడం కూడా సరికాదు. ఆయన కొడుకు బడికి ఎందుకు వెళ్లనంటున్నాడో ఆయనకు తెలియాలి. ఈ ఆదివారం ఆయనకు చెప్పండి, అన్నతో మాట్లాడే బాధ్యత మీదేనని కూడా చెప్పండి. తరువాత వదినా, పిల్లలూ లేని వేళ చూసి అన్న దగ్గరికి వెళ్లండి, ఫోన్‌లో వద్దు. పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. ‘అన్నా, పిల్లగాన్ని ఆ పేరుతోని ఇగ పిలువకు. నువ్వు పిలిస్తే నీ కొడుకు పిలుస్తున్నడు, వాడు పిలిస్తే క్లాసంత పిలుస్తున్నది. వాడు బడికి పోనంటున్నడు. ఇంకొక మాట, నీ కొడుకును కూడా వీనితోని పోల్చి తిట్టకు’ అంటే చాలు. ఆయన నవ్వి కొట్టిపారేస్తే మీరు నవ్వకండి. మళ్లీ అదే మాట చెప్పి, లేచి రండి.

రెండో కోరిక మొదటిదానికంటే తక్కువది కాదు. మార్కులు తగ్గిన ప్రతిసారీ తండ్రి తనను అందరి ముందూ మీ బాబు పక్కన నిలబెట్టి తక్కువ చేస్తుంటే, ఆ పదమూడేళ్ల పిల్లవాడు తండ్రిని ఏమీ అనలేడు గనుక, తనను ఎవరితో పోల్చారో వాడి మీద తీర్చుకుంటున్నాడు. అది న్యాయమని కాదు, కానీ అర్థం కానిదీ కాదు. మీరు వాడికి మేనత్త. ఒకరోజు వాడిని పిలిచి, మీ బాబు ఊసు లేకుండా, అన్నం పెట్టి, వాడు దేనిలో గట్టివాడో దాని గురించి మాట్లాడండి. మీ ఇంట్లో వాడిని ఎవరితోనూ పోల్చరని వాడికి తెలియడం బడిలోని సమావేశానికి బాగా తోడవుతుంది.

బాబు విషయానికి వస్తే, నత్తి పిరికితనం వల్ల వచ్చేది కాదు, తెలివి తక్కువై వచ్చేదీ కాదు. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల వయసులో మొదలవుతుంది, మగపిల్లల్లో ఎక్కువ, చాలామందిలో దానంతటదే పోతుంది, కొందరిలో పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. ‘నెమ్మదిగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకుని చెప్పు’ అని హెచ్చరించడం, వాడి మాటను మీరు పూర్తిచేయడం మానండి; మాట ఎంతసేపు పట్టినా వాడి ముఖంలోకి చూస్తూ వినండి. ఎనిమిదో తరగతి వరకు ఆగినందుకు ఇప్పుడు బాధపడి లాభం లేదు, స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి. దసరా నాడు నేను నవ్వడం తప్పు అని వాడితో ఒక్కసారి, సూటిగా, కన్నీళ్లు పెట్టుకోకుండా చెప్పండి. మీరు ఏడిస్తే వాడే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. ఎప్పుడైనా బతకాలని లేదన్న మాట వాడి నోట వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు గాని, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు గాని ఫోన్ చేయండి.

బడిలో మీరు పట్టుబట్టవలసింది హాజరు గురించి. క్లాసంతా చెయ్యి ఎత్తి హాజరు చెప్పేలా మార్చమనండి, మీ బాబు ఒక్కడికే మినహాయింపు ఇవ్వవద్దనండి; ఒక్కడికే ఇస్తే అది ఇంకొక పేరుకు దారితీస్తుంది. రోజూ ఒకే సమయంలో వెక్కిరించే అవకాశం పోతే సగం వినోదం పోతుంది. ఇందుకు ఏ విదేశీ పద్ధతీ అక్కరలేదు, క్లాస్ టీచరు ఒప్పుకుంటే రేపటి నుంచే జరుగుతుంది.

మేడమ్ పిల్లలను పిలవడానికి ముందే అన్నతో మీ మాట జరిగిపోవాలి. లేకపోతే తన కొడుకును బడిలో దోషిగా నిలబెట్టారని ఆయన ముందుగా అలుగుతారు, ఆ అలక తీర్చడానికే మీకు సంక్రాంతి దాకా పడుతుంది. ఆటోను మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా మార్చండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు, బడి దగ్గరైతే సైకిల్ కొనివ్వండి, దూరమైతే వేరే ఆటో మాట్లాడండి. అన్న ఎందుకని అడిగితే అసలు కారణమే చెప్పండి, టైము కుదరలేదని కాదు.