వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్: ముందు నొప్పి ఎక్కడిదాకా దిగుతోందో చూడండి

మీ నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది, ఎమ్మారైలో నడుము దిగువన, ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్ జారిందని తేలింది, డాక్టర్ వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నారు, చేయించాలా వద్దా అని కదా అడిగారు. అసలు ముక్క ఒకటి రాయలేదు. నొప్పి నడుములోనే ఉందా, పిరుదు దాటి మోకాలి కిందికి లాగుతోందా? జారిన డిస్క్ ఒత్తిడికి నరం వాచి కాలు లాగుతుంటే ఈ ఇంజెక్షన్‌కి పని ఉంది. ఒట్టి నడుము నొప్పికైతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మెడకీ అంతే, చేతిలోకి దిగే నొప్పికే వేస్తారు. ఇది డిస్క్‌ని వెనక్కి నెట్టదు. చాలామందిలో డిస్క్ కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుంటుంది, అందాకా గట్టెక్కించడానికే ఇది.

బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సీ-ఆర్మ్ అనే, అప్పటికప్పుడు తెరపై చూపే ఎక్స్‌రేలో చూస్తూ సూది దింపుతారు. ముందు ఎక్స్‌రేలో కనిపించే ద్రవం (డై) కొంచెం వదిలి, అది నరం వెంట పాకుతోందా, రక్తనాళంలోకి కొట్టుకుపోతోందా చూశాకే మందు. సీ-ఆర్మ్ లేకుండా చేత్తో తడిమి వేసేస్తామంటే లేచి వచ్చేయండి. ఏ మందో కూడా అడగండి. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినొలోన్ పాలలా తెల్లగా ఉంటాయి, వాటిలో రేణువులుంటాయి. పొరపాటున ధమనిలోకి వెళ్తే వెన్నుపాముకో మెదడుకో రక్తం అందకుండా చేస్తాయి. డెక్సామెథసోన్ నీళ్లలా తేటగా ఉంటుంది. మెడలో నరం పక్కనుంచి వేసేటప్పుడు రేణువులున్నవి వాడకూడదు. చూపు పోవడం, పక్షవాతం వంటివి అరుదుగా జరుగుతున్నాయని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

ఇక షుగర్. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా పెరుగుతుంది. పరగడుపున చూసి బాగానే ఉందనుకుంటే మోసపోతారు, తిన్నాక చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. గ్లూకోమీటర్ ఇంట్లో పెట్టుకుని రోజుకి మూడు నాలుగుసార్లు చూడండి. మాత్రలో ఇన్సులినో ఎంత పెంచాలన్నది షుగర్ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఇప్పటికే 300 దాటుతుంటే ఇంజెక్షన్ వాయిదా వేయడమే మేలు. స్టెంట్ ఉండి క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. గుండె డాక్టర్ చెప్పకుండా మీ అంతట మీరు ఆపొద్దు.

వేసిన కాసేపటికే నొప్పి మాయమవుతుంది, రాత్రికల్లా మళ్లీ వస్తుంది. చాలామంది ఇక్కడే డబ్బు దండగైందనుకుంటారు. ముందు తగ్గించింది స్టెరాయిడ్‌తో కలిపి వేసే మత్తుమందు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. ఆ రోజు కాలు మొద్దుబారవచ్చు, బండి నడపనివ్వొద్దు. ముఖం ఎర్రబడడం, నిద్ర పట్టకపోవడం రెండు మూడు రోజుల ముచ్చటే. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటే మాత్రం వేసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ అని ముందే డబ్బు కట్టించుకుంటే ఒప్పుకోకండి. ఒకటి వేయించి రెండు వారాలు చూడండి. దానితో ఏమీ తగ్గకపోతే రెండోదీ అంతే కావచ్చు.

పాదం పైకి లేవకపోయినా, మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఇంజెక్షన్ మాట పక్కనబెట్టి, ఆ పూటే వెన్నెముక సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.