చెవి నొప్పి, సిప్పర్ ఫౌంటెన్, నాలుగో మాస్కు: పసిపిల్లలతో తొలి విమానం

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. గన్నవరం నుంచి ఢిల్లీకి మొదటిసారి విమానంలో తీసుకెళ్తున్నాం. చెవుల్లో దూది పెడితే నొప్పి రాదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, తెనాలి

దూది మోతని కాస్త తగ్గిస్తుంది, నొప్పిని ఆపలేదు. నొప్పి పుట్టేది కర్ణభేరి వెనకాల. మధ్యచెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడల్లా అది క్షణంపాటు తెరుచుకుని లోపలి గాలిని బయటి గాలితో సమం చేస్తుంది. పసిపిల్లల్లో ఈ గొట్టం మరీ సన్నం, పైగా ఏటవాలు లేకుండా దాదాపు అడ్డంగా ఉంటుంది. విమానం పైకి లేచేటప్పుడు చెవి లోపలి గాలి తనంతట తానే తోసుకుని బయటికి పోతుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది ఉండదు. విమానం కిందికి దిగేటప్పుడే చిక్కు. బయట ఒత్తిడి పెరుగుతూంటే గొట్టం మూసుకునే ఉంటుంది, కర్ణభేరి లోపలికి పీక్కుపోతుంది. బిడ్డ గుక్కపట్టేది అప్పుడే.

చాలామంది విమానం కదలగానే పాలసీసా నోట్లో పెట్టేస్తారు. రన్‌వే చేరేలోపే సీసా ఖాళీ. బాబు నిద్రపోతాడు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. నిద్రలో గుటకలు బాగా తగ్గిపోతాయి, దిగేసరికి పట్టడానికి పాలూ ఉండవు. అందుకని పైకి లేచేటప్పుడు సగమే పట్టి, మిగతా సగం దాచండి. ల్యాండింగ్‌కి 25–30 నిమిషాల ముందే విమానం దిగడం మొదలవుతుంది. ఇంజిన్ మోత మెత్తబడుతుంది, మీ చెవులే కొంచెం దిమ్మెక్కుతాయి. అప్పుడే బాబుని లేపండి. నిద్ర చెడగొట్టడం పాపంలా అనిపించినా లేపాల్సిందే. తల ఎత్తుగా పెట్టి చనుబాలు గానీ సిప్పర్‌తో నీళ్లు గానీ కొద్దికొద్దిగా, చక్రాలు నేలకి తగిలేదాకా పట్టండి.

జలుబు చేసి ఉంటే ఆ గొట్టం వాచి ఉంటుంది. బయల్దేరడానికి రెండు రోజుల ముందే పిల్లల డాక్టరుకి చూపించండి. పారాసిటమాల్ వెయ్యమంటే సీసా మీద అంకె చూడండి. 5 ఎంఎల్‌కి 120 ఎంజీ ఉన్నదీ, 250 ఎంజీ ఉన్నదీ రెండూ దొరుకుతాయి. సాధారణంగా కిలో బరువుకి 15 ఎంజీ దాటకూడదు. పది కిలోల బాబుకి 150 ఎంజీ అంటే 250 సిరప్‌లో 3 ఎంఎల్, 120 సిరప్‌లో 6 ఎంఎల్ పైచిలుకు. ఇంట్లో 120 సీసాకి అలవాటుపడి, ప్రయాణం హడావిడిలో 250 సీసా కొని, అదే కొలత పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.

ప్రశ్న: మాకు పది నెలల కవలలు. శంషాబాద్ నుంచి వెళ్తున్నాం. నలుగురం పక్కపక్కనే కూర్చోవచ్చా?
— ఒక తండ్రి, కరీంనగర్

ఒకే వరసలో కూర్చోవచ్చు, ఒకే పక్కన కుదరదు. దేశంలో ఎక్కువగా తిరిగే విమానాల్లో నడవాకి అటు మూడు, ఇటు మూడు సీట్లు ఉంటాయి. పైనుంచి జారే ఆక్సిజన్ మాస్కులు ఒక్కో పక్కకి నాలుగు. ఆ నాలుగోది ఒళ్లో బిడ్డ కోసం. రెండో బిడ్డకి అయిదో మాస్కు ఉండదు. ఈ సంగతి తెలియక పక్కపక్క సీట్లు డబ్బు కట్టి మరీ తీసుకుంటారు, తీరా ఎక్కాక సిబ్బంది లేపి మార్చేస్తారు. 12సీ, 12డీ లాగా నడవాకి ఇటూ అటూ తీసుకుంటే డైపర్ సంచి చేతులు మారడం తేలిక. బిడ్డ తల, కాళ్లు మాత్రం నడవాలోకి రాకుండా చూసుకోండి. టీ బండి అటే వస్తుంది.

ఒళ్లో బిడ్డకి సిబ్బంది చిన్న బెల్టు ఇస్తారు. దాని కొసనున్న పట్టీలోంచి మీ బెల్టు దూర్చి ముందు మీది పెట్టుకోవాలి, తర్వాత బిడ్డది. వాళ్లు ఇవ్వకపోతే మీరే అడగండి. మీ బెల్టులోనే బిడ్డనీ కలిపి బిగించకండి. విమానం గట్టిగా కుదిపితే మీ బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

రెండేళ్లలోపు వాళ్లకి సీటు లేకపోయినా టికెట్‌లో పేరు ఎక్కాలి, పెద్దవాళ్లు ఒక్కొక్కరికి ఒక్క పసిబిడ్డే. వయసు రుజువుగా జనన ధ్రువపత్రం అసలుది ఉంచుకోండి. ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసుకున్నా రెండు గంటల ముందే వెళ్లి కౌంటర్‌లో ఒకసారి కనబడండి.

ప్రశ్న: బెంగళూరు నుంచి వారణాసి వెళ్తున్నాం. పాపకి మూడేళ్లు. దారిలో ఏం పెట్టాలి? పాలు సెక్యూరిటీలో ఆపేస్తారా?
— అనంతపురం

దారికి సరిపడా పాలు, పిల్లల తిండి, మందులు ఆపరు. అడిగితే మూత తీసి చూపించాల్సి రావచ్చు కాబట్టి సంచిలో పైనే పెట్టుకోండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద సూట్‌కేసులో పెడితే ఆ పెట్టె తెరిపిస్తారు. కాశీకి పూజ సామాను తీసుకెళ్తారేమో, ఎండుకొబ్బరి ఇంట్లోనే వదిలెయ్యండి. నూనె వల్ల అంటుకునే వస్తువు కింద లెక్కేసి తీయించేస్తారు.

తిండికి ఇడ్లీయే మంచిది. పొడి పైన చల్లకుండా, నేతిలో కలిపి ఇడ్లీకి పట్టించి తెస్తే రాలదు. మరమరాలు ఒళ్లంతా చిందుతాయి. పల్లీలు, గుండు ద్రాక్షలు మూడేళ్ల పిల్ల గొంతుకి అడ్డం పడతాయి, అదీ కుదిపే విమానంలో. పెరుగన్నం ఉదయం కలిపితే ఎయిర్‌పోర్టు చేరేసరికి పులుస్తుంది.

ఇక సిప్పర్. విమానం లోపలి గాలి పల్చన. మనం కూర్చున్నది దాదాపు ఊటీ ఎత్తున ఉన్నట్టు లెక్క. కింద బిగించిన సిప్పర్‌లో గాలి పైకి వెళ్లాక వ్యాకోచిస్తుంది. మడతపెట్టిన స్ట్రా విప్పగానే నీళ్లు ఫౌంటెన్‌లా ముందు సీటాయన మెడ మీదికి చిమ్ముతాయి. పాపకి ఇచ్చే ముందు మూత పావు మలుపు వదులు చేసి, గాలి పోయాక మళ్లీ బిగించండి.

పాపకి కిటికీ సీటు ఇవ్వండి. పక్క సీటులో ఉన్నంతసేపు మీరు వేడి టీ తీసుకోకపోవడమే మేలు.

ప్రశ్న: పాప అల్లరి చెయ్యకుండా జలుబు మందు వేసి పడుకోబెట్టమని తెలిసినవాళ్లు చెప్పారు. వెయ్యొచ్చా?
— నిజామాబాద్

వద్దు. కొందరు పిల్లలకి ఆ మందు నిద్రకి బదులు చిరాకు, ఉరుకులు తెప్పిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని సీసాల మీద ముద్రించమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది కూడా.

ప్రశ్న: డల్లాస్ నుంచి మా అమ్మాయి మనవణ్ణి తీసుకుని ఆగస్టులో వస్తోంది, అక్టోబరులో తిరుగు ప్రయాణం. వాడికి సెప్టెంబరులో రెండేళ్లు నిండుతాయి. టికెట్ ఎలా తీసుకోవాలి?
— ఒక అమ్మమ్మ, గుంటూరు

రానూపోనూ పసిబిడ్డ టికెట్టే తీసుకుంటే అక్టోబరులో కౌంటర్ దగ్గర ఆగిపోతారు. ఎక్కే రోజున ఉన్న వయసే లెక్క, రెండేళ్లు నిండాక సొంత సీటు తప్పదు. తిరుగు ప్రయాణానికి సీటు ఇప్పుడే తీసుకోమనండి, చివర్లో కొంటే ధర చుక్కలు చూపిస్తుంది. వాడు అక్కడే పుట్టి అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాడైతే ఇక్కడికి రావడానికి ఓసీఐ కార్డో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకి ఇచ్చేది) వీసానో విడిగా కావాలి.

ఉయ్యాల మీద ఆశ పెట్టుకోవద్దు. పెద్ద విమానాల్లో ముందు గోడకి తగిలించే ఆ బాసినెట్‌కి బరువు హద్దు చాలా సంస్థల్లో పది, పదకొండు కిలోల దగ్గరే ఆగుతుంది. బెల్టు లైటు వెలిగినప్పుడల్లా నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తి ఒళ్లోకి తీసుకోవాలి కూడా.

డైపర్లు రెండు గంటలకి ఒకటి చొప్పున లెక్కేసి, ఇంకో ఆరు చేతి సంచిలో వెయ్యాలి. పిల్లాడికి రెండు జతల బట్టలు, అమ్మాయికీ ఒక టాప్. కక్కేది ఎప్పుడూ ఎత్తుకున్నవాళ్ల మీదే.

తిరుగు ప్రయాణంలో సొంత సీటు ఉంటుంది కాబట్టి కారు సీటు తెచ్చుకుంటే అందులో కట్టి కూర్చోబెట్టొచ్చు, పిల్లాడు నిద్రపోయేదీ అందులోనే. అమెరికాలో కొన్నదాని మీద, విమానంలో వాడటానికి ధ్రువీకరించినట్టు ఎర్ర అక్షరాల్లో రాసి ఉందో లేదో ముందే చూసుకోమనండి. వెడల్పు 16 అంగుళాలు దాటితే ఎకానమీ సీటులో ఇరుక్కుంటుంది. దాన్ని కిటికీ పక్కనే పెట్టాలి, లేకపోతే లోపలి సీటువాళ్లకి దారి ఉండదు.