లాకుల లెక్కన సైకిలు యాత్ర

(సైకిలు మీద ఊళ్లు తిరగాలనుకునే పాఠకుల ఉత్తరాలకు, పద్మారావునగర్‌లో ఉండే మా విశ్రాంత లెక్కల టీచరు గారి జవాబులు)

ప్రశ్న: టీచరు గారూ, నాకు 46 ఏళ్లు, మా అబ్బాయికి 15. కిందటి ఏడాది ఇద్దరం గేర్ల సైకిళ్లు కొనుక్కున్నాం. ఆదివారాలు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాకు మీద తొక్కుతున్నాం. ఫ్రాన్సులో కుటుంబాలు కాలువ గట్టు వెంట రోజుల తరబడి సైకిళ్ల మీద వెళ్లడం వీడియోల్లో చూశాక, మన గోదావరి కాలువల వెంట అలా వెళ్లాలనిపించింది. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు, రోజుకు 90 కిలోమీటర్ల చొప్పున, రాజమహేంద్రవరంలో మొదలుపెట్టి కాకినాడ, యానాం, కోనసీమ చుట్టి రావాలని ఆలోచన. సైకిళ్లు రైల్లో తీసుకెళ్లవచ్చా? ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి? – వనస్థలిపురం పాఠకుడు

జవాబు: మీ ఆలోచనలో నాకు బాగా నచ్చింది మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లడం. మిగతా లెక్క మొదటి నుంచి వేసుకుందాం.

ముందు సంక్రాంతి కొట్టేయండి. ఆ వారం హైదరాబాదు సగం అటే వెళ్తుంది. రైల్లో మీకే చోటు దొరకదు, సైకిళ్ల మాట దేవుడెరుగు. లాడ్జీలు నిండిపోతాయి, కోడి పందేల బరుల దగ్గర కార్లు గట్టు పొడుగునా ఆగి ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం. పైగా నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే ఆరబోస్తారు. వాళ్ల బరకాల మీద నుంచి సైకిలు పోనిస్తే వాళ్లు తిట్టే తిట్లు న్యాయమైనవే. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, నీళ్లు లేని కాలువ పక్కన ఎండలో తొక్కడం శిక్ష. జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచిది. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి ఉంటాయి, కాలువల్లో నీళ్లుంటాయి, పొద్దున మంచు కురుస్తుంది. ఆ మంచు తెరిపి ఇచ్చేదాకా, అంటే ఏడు గంటల దాకా, రోడ్డెక్కకండి. లారీ డ్రైవరుకు మీరు కనబడరు.

ఇక దూరం. మా నాన్నగారు తూర్పు డెల్టాలో ఒక లాకుల దగ్గర లస్కరుగా పనిచేశారు. లాకులంటే కాలువకు అడ్డంగా తలుపులు పెట్టి, నీటిమట్టం పెంచి, తగ్గించి పడవలను దాటించే చోటు. లాకు తలుపులు తిప్పడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. మా క్వార్టరు గుమ్మంలో నుంచి రాయి విసిరితే కాలువలో పడేది. నేను సైకిలు నేర్చుకున్నది ఆ గట్టు మీదే, గంటకు అద్దెకు తెచ్చిన మగవాళ్ల సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి. ఆయన దూరాన్ని ఎప్పుడూ మైళ్లలో చెప్పేవారు కాదు. ‘రెండు లాకులు దాటాక ఫలానా ఊరు’ అనేవారు. నేను బడిలో పిల్లలకు కాలము-దూరము లెక్కలు చెప్పి రిటైరయ్యాను గానీ, గట్టు మీద ఇప్పటికీ నాన్నగారి లెక్కే వేస్తాను. ఎందుకంటే లాకుల దగ్గర ఆగకుండా ఎవరూ వెళ్లలేరు. అక్కడ టీ కొట్టుంటుంది, రావిచెట్టు ఉంటుంది, ‘ఎక్కడి నుంచండీ?’ అని అడిగేవాళ్లుంటారు. జవాబు చెప్పకుండా తొక్కుకుపోతే మర్యాద కాదు. ఒక్కో చోట అరగంట. మీ 90 కిలోమీటర్లలో ఈ అరగంటలు ఎక్కడా లేవు.

ఇంకో సంగతి. మన హైదరాబాదు బండల ఊరు. ఎక్కుడు దగ్గర ఆయాసపడినా దిగుడులో కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. డెల్టా పళ్లెంలా ఉంటుంది. దిగుడు అన్నదే లేదు, పొద్దున ఎక్కింది మొదలు తొక్కుతూనే ఉండాలి. తొడల కంటే ముందు పిరుదులు, అరచేతులు మొరాయిస్తాయి. అందుకే అభ్యాసానికి అనంతగిరి కొండ ఎక్కనక్కరలేదు. మీరు వెళ్లే ఔటర్ ట్రాకే సరిపోతుంది. 2023లో తెరిచిన ఆ ట్రాకు మొత్తం 23 కిలోమీటర్లు. వరుసగా రెండు రోజులు, రోజుకు 50 కిలోమీటర్లు అయ్యేలా అటూ ఇటూ తొక్కండి. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే మీ అబ్బాయి ముఖం చూడండి. గోదావరి యాత్ర సంగతి అప్పుడు తేలుతుంది.

దిక్కు కూడా మార్చండి. రాజమహేంద్రవరం నుంచి కాదు, కాకినాడ నుంచి మొదలుపెట్టండి. కారణాలు రెండు. సైకిలును రైల్లో తీసుకెళ్లాలంటే ప్రయాణం టికెట్టు చూపించి, పార్సిలు ఆఫీసులో లగేజీగా బుక్ చేసి, బ్రేకువ్యానులో, అంటే రైలుకుండే సామాన్ల పెట్టెలో, వేయించాలి. కనీసం రెండు గంటల ముందు వెళ్లండి. గంట, లైట్లు, నీళ్ల సీసా పీకి సంచిలో పెట్టుకోండి. పెడళ్లు విప్పండి, గేర్ల వైపు అట్టముక్క కట్టండి, మీ పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను పెద్ద అక్షరాలతో రాసి రెండు చోట్ల అంటించండి. ఇంతా చేసి మధ్య స్టేషనులో దిగితే, రైలు ఆగే ఆ కొద్ది నిమిషాల్లో సామాను దించడం గాలిలో దీపమే. ఒకసారి నేను హెల్మెట్టు చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా నా సైకిలు నా కళ్లముందే ముందు జిల్లాకు వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. లింగంపల్లి నుంచి బయల్దేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ కాకినాడ పోర్టుతో ఆగిపోతుంది. ఆఖరి స్టేషను కాబట్టి ఎవరికీ తొందర ఉండదు. రెండో కారణం గాలి. ఆ రోజుల్లో అది ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. కాకినాడ నుంచి పడమరగా వెళ్తుంటే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది. మీరు అనుకున్న దిక్కున వెళ్తే అదే చెయ్యి ఛాతీ మీద ఉంటుంది.

మొదటి రోజు సైకిళ్లు బిగించుకుని, ఇడ్లీ తిని, కోరంగి మడ అడవుల దాకా వెళ్లి రండి, రానుపోను 40 కిలోమీటర్లు. యానాం వదిలేయండి, మరోసారి చూడవచ్చు. రెండో రోజు అసలు కాలువ. సామర్లకోట, బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కడియం మీదుగా రాజమహేంద్రవరం దాకా సుమారు 65 కిలోమీటర్లు. దీన్ని కెనాల్ రోడ్డంటారు. పేరు విని వీడియోలో చూసిన గట్టు అనుకోకండి. ఇటు కాలువ, అటు లారీ, చాలా చోట్ల అంచున గోడ ఉండదు. అబ్బాయిని ముందు పెట్టి మీరు వెనక రండి, పక్కపక్కన తొక్కకండి. వంతెన కనబడినప్పుడల్లా అవతలి గట్టు ఎలా ఉందో అక్కడివాళ్లను అడగండి. బాగుందంటే దాటిపోండి. మధ్యలో ఇళ్లు అడ్డొచ్చి దారి ఆగిపోతే వెనక్కి రావాల్సి వస్తుంది, రండి. సామర్లకోటలో కుమారారామం చూడకుండా పోకండి, పంచారామాల్లో ఒకటి. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్లున్నాయి, కొన్ని పొలాల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటాయి. నాకు సామర్లకోట కంటే అవే ఇష్టం. కడియం నర్సరీల దగ్గర ఒక్క మొక్క కూడా కొనకండి. కొన్నారంటే మిగతా దారంతా సైకిలు మీద దాన్ని మోయాలి. అనుభవంతో చెబుతున్నాను.

మూడో రోజు ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేసింది ఇక్కడే. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతిది. కాలువలు సాగు కోసమే కాదు, పడవల కోసం కూడా తవ్వారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి పడవను లాగేవారు. మీరు సైకిలు తొక్కే గట్టు వాళ్లు నడిచిన దారే. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరితే కోనసీమ తల దగ్గరికి వచ్చినట్టు. అక్కడి నుంచి లొల్ల లాకుల దాకా, ఆత్రేయపురం దాకా ఉన్న గట్టే మీరు వీడియోల్లో చూసినదానికి దగ్గరగా ఉంటుంది, కొబ్బరి నీడ, తక్కువ బళ్లు. లొల్ల దగ్గర కాలువ చీలిపోతుంది. ఆ చీలిక చూస్తూ ఒక పూట కూర్చోండి, కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని తినడమే గానీ సైకిలు సంచిలో వేయకండి, ఇంటికి వచ్చేసరికి పొడి మిగులుతుంది. రాత్రికి రావులపాలెం. నాలుగో రోజు అదే గట్టు మీద వెనక్కి. సైకిళ్లను రాజమహేంద్రవరంలో పార్సిలు వేసి మీరు వచ్చేయండి. అవి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా సోమవారం ఆఫీసుకు సైకిలు మీద వెళ్లరు కదా.

మొత్తం కూడితే 180 కిలోమీటర్ల లోపే, మీరు వేసుకున్నదానిలో సగం.

పంక్చర్ల విషయం విడిగా చెప్పాలి. గట్టు పొడుగునా సర్కారు తుమ్మ ఉంటుంది, దాని ముల్లు సన్నటి టైరును లెక్కచేయదు. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పల్లెల్లో సైకిలు షాపులు ఇంకా ఉన్నాయి, పనితనం కూడా గొప్పది. కానీ వాళ్ల పంపు పాత సైకిళ్ల వాల్వుకే సరిపోతుంది. మీ గేరు సైకిలుకు సన్న మొన ఉండే ప్రెస్టా వాల్వు ఉంటే ఆ పంపు పట్టకపోవచ్చు. వేలెడంత ఇత్తడి అడాప్టరు కొని తాళంచెవుల గుత్తికి తగిలించుకోండి. చెరో రెండు ట్యూబులు, చేతిపంపు మీ దగ్గరే ఉండాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. లాకుల దగ్గర, తూముల దగ్గర అబ్బాయిని స్నానానికి దిగనివ్వకండి. నీళ్లు పైకి నిద్రపోతున్నట్టుంటాయి, కింద లాగేస్తాయి. ఈతగాళ్లే పోయిన రోజులు మా నాన్నగారి పుస్తకంలో ఉన్నాయి. రేవుల్లో మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకోండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి ఫ్రాన్సులో తూలూజ్‌లో ఉంటోంది. మే నెలలో వెళ్తున్నాను. అక్కడి కాలువ వెంట ఆరు రోజులు సైకిలు తొక్కుదామంటోంది. నాకు 58 ఏళ్లు. చిన్నప్పుడు తొక్కడమే. చీర, సల్వారు తప్ప వేరే బట్టలు అలవాటు లేదు. వెళ్లనా? – సికింద్రాబాదు పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా. తూలూజ్‌లోనే మొదలు కాబట్టి రైలు బెడద కూడా లేదు. ఆ కాలువ పేరు కనాల్ ద్యు మిది. తూలూజ్ నుంచి మధ్యధరా సముద్రం పక్కనున్న సరస్సు దాకా 240 కిలోమీటర్లు. ఆరు రోజులంటే రోజుకు 40, హాయిగా సరిపోతుంది. మొదటి 50 కిలోమీటర్లు నున్నటి దారి. దాని తర్వాత మట్టి బాట, చెట్ల వేళ్లు పైకి తేలి ఉంటాయి. అద్దెకు తీసుకునేటప్పుడు లావు టైర్లున్న సైకిలు అడగండి. సముద్రం వైపే వెళ్లండి, ఆ ప్రాంతంలో గాలి తరచుగా పడమటి నుంచి వస్తుంది.

నీడ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. గట్టు మీది ప్లేన్ చెట్లకు 2006 నుంచి శిలీంధ్రపు తెగులు సోకి వేలకొద్దీ నరికేశారు. కొన్ని చోట్ల కొత్త మొక్కలు మనిషంత ఎత్తు కూడా ఉండవు. టోపీ తప్పదు. బెజియే ఊరి దగ్గర లాకులు మెట్ల వరుసలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పడవలు మెట్లెక్కడం చూడడానికి రెండు గంటలు కేటాయించండి. ఈ కాలువ తవ్వించిన రికే అనే ఆయన ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి. ఆస్తంతా దీనికే ధారపోసి, 1681లో కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందే చనిపోయాడు. ఆ మెట్ల దగ్గర నిలబడినప్పుడు ఆయన్ని తలచుకోండి.

బట్టల సంగతి. సల్వారు వేసుకోండి, చున్నీ ఇంట్లో వదలండి. కుడి కాలి చీలమండ దగ్గర మామూలు జుట్టు రబ్బరు బ్యాండుతో బిగిస్తే గొలుసులో పడదు. నేను నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే. వెళ్లే లోపు రోజూ అరగంట నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారుజామున తొక్కండి. చేతులు వదలడం కాదు, ఆగి ఒక కాలు నేల మీద పెట్టి మళ్లీ ఎక్కడం అభ్యాసం చేయండి. లాకు లాకుకీ అదే పని.

ప్రశ్న: హైదరాబాదుకు దగ్గరలో కాలువ గట్టు ఏదీ లేదా? నాగార్జునసాగర్ ఎడమ కాలువ వెంట మా ఏడు, తొమ్మిదేళ్ల పిల్లలతో రెండు రోజులు వెళ్లవచ్చా? – ఎల్.బి.నగర్ పాఠకుడు

జవాబు: పిల్లలతో వద్దు. డెల్టా పాత కాలువలకు మట్టి ఒడ్డు, మెట్ల రేవులు ఉంటాయి. సాగర్ కాలువకు చాలా దూరం లైనింగు, అంటే గట్టు లోపలి వైపు కాంక్రీటు పూత, ఉంటుంది, ఏటవాలుగా, నాచు పట్టి. జారి పడ్డవాళ్లకు పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. ఈ ఏడాది గండిపేట చెరువు చుట్టుపక్కల తిప్పండి, వేసవిలో ఇద్దరికీ ఈత నేర్పించండి. ఈత వచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి, దారి చెబుతాను.