అమెరికా హైస్కూల్లో ఇంగ్లీష్ సాహిత్యం చదివే పిల్లలు వ్యాసాలు ఎలా రాయాలి?

గుంటూరులో పదో తరగతి చదివి అమెరికా వెళ్లిన మీ అమ్మాయికి ఇంగ్లీష్ వ్యాకరణం బాగానే వచ్చినా, అక్కడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లీష్ లిటరేచర్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులో వ్యాసాలకు మార్కులు ఎందుకు రావడం లేదని అడిగారు. నేనూ పదో తరగతి తర్వాతే న్యూజెర్సీ వెళ్లి, ఒక ప్రభుత్వ హైస్కూల్లో అదే కోర్సు చదివాను కాబట్టి, నాకు చిక్కుముడి ఎక్కడ పడిందో, ఎలా విడిందో చెబుతాను.

నా మొదటి వ్యాసం షేక్‌స్పియర్ ‘మ్యాక్‌బెత్’ నాటకం మీద. హత్య ఎలా జరిగిందో, తరువాత ఎవరెవరు చనిపోయారో, చివరికి రాజ్యం ఎవరికి దక్కిందో నాలుగు పేజీల్లో తప్పుల్లేకుండా రాసి ఇచ్చాను. తిరిగి వచ్చిన కాగితాల మీద, ప్రతి పేరా పక్కనా పెన్సిలుతో ‘అయితే ఏమిటి?’ అన్న ఒక్క ప్రశ్నే ఉంది. పాఠంలో జరిగినది సొంత మాటల్లో చెప్పడమే జవాబు అనుకుని పెరిగిన నాకు ఆ ప్రశ్న చాలా రోజులు అర్థం కాలేదు.

ఒక రోజు మా టీచరు గారు నాటకంలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివించారు. రెండో అంకంలో, రాజు హత్య జరిగిన వెంటనే, చేతులకు అంటిన నెత్తురు కాసిని నీళ్లతో పోతుందని లేడీ మ్యాక్‌బెత్ భర్తకు చెబుతుంది. ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ, లేని మరకను రుద్దుకుంటూ, అది పోవడం లేదని తల్లడిల్లుతుంది. అంతకుముందు దాదాపు ఛందస్సులోనే మాట్లాడిన ఆమె అక్కడ వచనంలో, తెగిపోయిన చిన్న చిన్న మాటల్లో మాట్లాడుతుంది. తెలుగు తరగతిలో పోతన పద్యానికి ప్రతిపదార్థం చెప్పించేటప్పుడు మా మాస్టారు ప్రతి విశేషణం దగ్గరా ఆపి, ‘కవి ఈ మాటే ఎందుకు వేశాడు?’ అని అడిగేవారు. ఇక్కడ అడుగుతున్నదీ అదేనని, నేను అప్పటిదాకా తాత్పర్యం మాత్రమే రాస్తున్నానని ఆ రోజు తెలిసింది. మీ అమ్మాయికి ఆ అలవాటు ఇప్పటికే ఉంది. ఇంగ్లీషుకు కూడా అది పనికొస్తుందని ఎవరూ చెప్పి ఉండరు.

ఈ కోర్సుకు మే నెలలో జరిగే మూడు గంటల పరీక్షలో రెండు గంటలు మూడు వ్యాసాలకే కేటాయిస్తారు. మొత్తం స్కోరులో వాటి వాటా 55 శాతం. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లుంటే, అందులో 4 రచన నుంచి చూపించిన ఆధారానికి, దాని మీద విద్యార్థి చేసిన వ్యాఖ్యానానికే వస్తాయి. కథను ఎంత చక్కగా తిరిగి చెప్పినా ఆ 4 పాయింట్లలో ఎక్కువ భాగం పోతుంది. నాటకాన్ని చదవకముందే ఇంటర్నెట్‌లో దాని సారాంశం చదివే అలవాటు ఉంటే దయచేసి మాన్పించండి. అక్కడ దొరికేది కథే తప్ప కవి వాడిన మాట కాదు.

ఆమె రాసిన వ్యాసం ఒకటి తీసుకుని, కథ చెప్పే వాక్యాల కింద నీలం గీత, సొంత వ్యాఖ్య ఉన్న వాక్యాల కింద ఎర్ర గీత గీయమనండి. నా మొదటి వ్యాసంలో ఎర్ర గీతలు మూడే వచ్చాయి. ఏప్రిల్‌లో రాసిన వ్యాసంలో సగానికి పైగా ఎరుపే కనిపించింది.