అర్బానో డ్రైవ్ కింద నిజంగానే రేస్ కోర్సు ఉందా?

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంగిల్‌సైడ్ టెర్రసెస్ అనే కాలనీని పాత రేస్ కోర్సు మీద కట్టారన్నది నిజమేనా అని అడిగారు. నిజమే. నేను దగ్గర్లోనే, ఓషన్ అవెన్యూ వైపు అద్దెకుంటున్నాను. సాయంత్రం వాకింగ్ అంతా అక్కడే.

అక్కడి అర్బానో డ్రైవ్ అనే వీధి అంటే అప్పటి గుర్రాల ట్రాకే. మ్యాప్‌లో చూడండి, కోడిగుడ్డు ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక చుట్టు పూర్తయితే బయల్దేరిన ఇంటి ముందుకే వస్తాం. కొత్తగా కారులో వచ్చినవాళ్లు బయటపడే దారి తెలియక రెండోసారి కూడా తిరుగుతుంటారు!

రేసులు మొదలైంది 1895 నవంబరులో, థాంక్స్‌గివింగ్ రోజున. పదేళ్లకే, 1905 చివర్లో, మూసేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెద్ద భూకంపం. ఇల్లూ వాకిలీ పోయిన ముసలివాళ్లనీ, జబ్బుపడ్డవాళ్లనీ ఇక్కడికి తెచ్చి గుర్రపుశాలల్లో ఉంచారు. ఒక్కో గుర్రాన్ని కట్టేసే చోటే ఒక్కో గది అయింది. 1909లో కాలిఫోర్నియా గుర్రప్పందాల మీద బెట్టింగ్‌ని నిషేధించాక ట్రాక్ మళ్లీ తెరిచే ఆశ కూడా పోయింది. 1910లో జోసెఫ్ లెనార్డ్ అనే బిల్డర్ కంపెనీ ఆ స్థలం కొని వెంచర్ వేసింది. ప్రచారం కోసం ఎంట్రాడా కోర్టు అనే చిన్న వీధిలో పెద్ద నీడగడియారం కట్టి 1913లో ప్రారంభించారు. ఏటవాలుగా లేచిన పెద్ద ముల్లు, కింద రోమన్ అంకెలు. పిల్లలకి అది జారుడుబల్ల. ఈ ఏరియాలో పొగమంచు ఎక్కువ కాబట్టి చాలా రోజులు టైమ్ చూపించదనుకోండి.

బ్రోషర్లలో రాయనిది ఇంకొకటుంది. తెల్లవాళ్లు కానివాళ్లకి ఇక్కడ ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతు రాసేవారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మనుషులు మారొద్దూ? సెసిల్ పూల్ అనే నల్లజాతి ప్రాసిక్యూటర్ ఇక్కడ ఇల్లు కొనుక్కుంటే, 1958లో ఆయన ఇంటి ముందు లాన్‌లో శిలువ తగలబెట్టారు, నల్లవాళ్లని బెదిరించడానికి అప్పట్లో చేసే పని అది. ఆయన ఇల్లు వదిలి పోలేదు. తర్వాత ఫెడరల్ జడ్జి కూడా అయ్యారు. ఇప్పుడు అదే వీధుల్లో అన్ని రకాల వాళ్లూ ఉన్నారు. వాకింగ్‌లో అప్పుడప్పుడూ తెలుగు కూడా వినిపిస్తుంది.

చూడాలనుంటే డౌన్‌టౌన్ నుంచి కె ట్రైన్ (సిటీ వాళ్ల మ్యూనీ రైలు) ఎక్కి ఓషన్ అవెన్యూలో దిగండి. అక్కణ్ణుంచి నడకే. ఎండ ఉన్న రోజు చూసుకుని రండి.